వేదిక మీది ఫాంటమ్‌ను తెర మీద తూచడం ఎలా

అందరికీ నమస్కారం.

థియేటర్‌లో ఆడిన సంగీత నాటకాన్ని కెమెరాలతో పట్టి చూపించినప్పుడు మన ముందున్నది ఒకరి పని కాదు, ముగ్గురిది. నవలను నాటకంగా మలిచినవాళ్లు ఒకరు. ఆ రాత్రి పాడి, ఆడినవాళ్లు ఇంకొకరు. ఏ క్షణంలో ఎటు చూడాలో మన తరఫున తేల్చేసిన కెమెరా, ఎడిటింగ్, సౌండ్ మిక్సింగ్ వాళ్లు మూడోవారు. సమీక్షల్లో కనిపించే పొరపాట్లలో చాలావాటికి మూలం ఒకరి తప్పును మరొకరి లెక్కలో రాయడమే. వాద్యాలను ఎక్కువ పెట్టి మిక్స్ చేస్తే గాయని గొంతు పలచన అని రాస్తారు. కెమెరా మరీ దగ్గరికి వెళితే నటుడు అతిగా నటించాడంటారు.

ఈ మాటలకు ఆధారంగా ఒకే ఉదాహరణ తీసుకుంటాను. 'ది ఫాంటమ్ ఆఫ్ ది ఆపెరా' సంగీత నాటకం పాతికేళ్ల పండగకు 2011 అక్టోబరు 1, 2 తేదీల్లో లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్‌లో మూడు ప్రదర్శనలు జరిగాయి. ఆపెరా భవనంలో దాక్కుని బతికే మాస్కు మనిషి ఫాంటమ్‌గా రమీన్ కరీమ్లూ, అతను ప్రేమించే గాయని క్రిస్టీన్‌గా సియెరా బాగెస్, ఆమెను ప్రేమించే యువకుడు రౌల్‌గా హ్యాడ్లీ ఫ్రేజర్ పాడారు. దాన్ని సినిమా హాళ్లకు ప్రత్యక్షంగా ప్రసారం చేశారు, తర్వాత డిస్కుగా వచ్చింది.

ముందు నవల సంగతి. గాస్టన్ లెరూ దీన్ని 1909-10లో ధారావాహికగా రాశాడు. కథ చెప్పే మనిషి పత్రాలు, సాక్ష్యాలు పోగుచేసే పరిశోధకుడిలా మాట్లాడతాడు. భయమంతా వినికిడిగా వస్తుంది. మాస్కు ఊడబెరికే ఘట్టమే చూడండి. నవలలో అది మన కళ్లెదుట జరగదు. ఒథెల్లో యుగళగీతం పాడుతుండగా మాస్కు లాగేశానని క్రిస్టీన్ తర్వాత ఆపెరా భవనం కప్పు మీద రౌల్‌కు చెబుతుంది. వేదిక మీద అలా చెప్పిస్తే ప్రేక్షకుడు లేచిపోతాడు. అందుకే నాటకం ఆ ఘట్టాన్ని రెండుగా చీల్చింది. మొదటిసారి ఫాంటమ్ ముఖాన్ని దాచుకుంటాడు, చివర్లోనే మనకు పూర్తిగా కనిపిస్తుంది. 'నవలలో ఇలా లేదు' అని మార్కులు కోసేయకండి. ఆ మార్పుతో భయం పెరిగిందా తగ్గిందా అన్నది అడగండి.

నవలలోని పర్షియన్ పాత్ర నాటకంలో లేదు. ఎరిక్ (నవలలో ఫాంటమ్ పేరు) గతం తెలిసిన మనిషి అతనే కాబట్టి ఆ పని ఎవరో ఒకరు చేయాలి. నవలలో బాక్సుల (థియేటర్‌లోని ప్రత్యేక సీట్ల గదుల) దగ్గర కాపలా ఉండే మదామ్ జిరీ నాటకంలో బ్యాలే గురువై రౌల్‌కు ఆ గతం చెబుతుంది. ఇది తెలివైన సర్దుబాటు. నష్టం మరోచోట ఉంది. నవలలో ఎరిక్ ముఖమంతా పుర్రెలా ఉంటుంది. నాటకంలో సగం ముఖానికే మాస్కు. నోరు, ఒక చెంప బయట ఉంటేనే గంటల తరబడి పాడగలరు, హావభావం చూపగలరు. ఫలితంగా మనం చూసేది శవంలాంటి మనిషిని కాదు, గాయపడిన ప్రేమికుణ్ణి. గోతిక్ భయం, అంటే చీకటి, చావు చుట్టూ అల్లిన భయం, చాలావరకు జాలిగా మారిపోయింది. నా లెక్కలో ఈ రూపాంతరంలో పెద్ద లోటు ఇదే. దీన్ని ఏ నటుడి మీదా, ఏ కెమెరా మీదా వేయకూడదు.

ఇక హాలు. 1986లో నాటకం మొదలైన లండన్ హర్ మెజెస్టీస్ (ఇప్పుడు హిజ్ మెజెస్టీస్) థియేటర్‌లో సుమారు 1,200 సీట్లు. ఆల్బర్ట్ హాల్‌లో 5,000కు పైనే. గుండ్రటి కచేరీ హాలు కావడంతో సెట్లు పైకి లాగి దించే ఏర్పాటు మామూలు థియేటర్‌లోలాగా ఉండదు. అందుకే అక్కడ ఎల్‌ఈడీ తెరల మీద దృశ్యాలు చూపించారు. మామూలుగా మొదటి అంకం చివర కిందపడే షాండ్లియర్ (పైకప్పుకు వేలాడే పెద్ద దీపాల గుత్తి) ఇక్కడ పడలేదు, నిప్పురవ్వలు చిమ్మి ఆగింది. ఇది హాలు పెట్టిన హద్దు. అయినా మొదటి అంకం ముగింపు అక్కడ చప్పబడిందన్నది నిజం, ఆ మాట రాయాల్సిందే. మాస్కరేడ్ (ముసుగుల విందు) సన్నివేశంలో మెట్ల దగ్గర మాత్రం లాభమే జరిగింది. మామూలు ప్రదర్శనలో గుంపు నిండుగా కనిపించడానికి మనుషుల మధ్య బొమ్మలు నిలబెడతారు. ఇక్కడ నిజమైన జనమే ఉన్నారు కాబట్టి కెమెరా దగ్గరికి వెళ్లినా దృశ్యం చెదరదు.

కెమెరా పనిని తూచడానికి ఒక్క సన్నివేశం చాలు: 'ది పాయింట్ ఆఫ్ నో రిటర్న్'. ఆపెరా గాయకుడు పియాంజీ స్థానంలో ఫాంటమ్ నల్ల ముసుగుబట్ట కప్పుకుని వేదికెక్కాడు. క్రిస్టీన్‌కు అతనెవరో తెలిసేది చేతి స్పర్శతో. తర్వాత అతను ఆమెను బతిమాలుతూ పాడే వరస తనది కాదు, మొదటి అంకంలో కప్పు మీద రౌల్ పాడిన ప్రేమగీతం. పోటీదారు పాటతోనే వేడుకుంటున్నాడు! ఆఖరి మాట పూర్తి కాకుండానే ఆమె మాస్కు లాగేస్తుంది. ఇక్కడ కెమెరా ఫాంటమ్ ముఖాన్నే పట్టుకుని కూర్చుంటే ఆమె తీసుకున్న నిర్ణయం పోతుంది, చేతి కదలిక ఒక్కటే మిగులుతుంది. ఇద్దరూ ఒకే ఫ్రేములో ఉండాలి. ఈ పాటను ఒకసారి శబ్దం ఆపేసి చూడండి. షాట్ మారిన ప్రతిసారీ ఒక గీత గీయండి. పాట మలుపు తిరిగినచోట షాట్ మారుతోందా, లేక ఊరికే మారుతోందా అన్నది ఆ గీతలే చెబుతాయి.

మేకప్ ఇరవయ్యో వరస నుంచి కనపడేలా వేస్తారు. క్లోజప్‌లో అతుకు కనిపిస్తే మేకప్‌మ్యాన్‌ను కాదు, ఆ షాట్ ఎంచుకున్నవాళ్లను అడగాలి. తెల్ల మాస్కు మీద ఫోకస్ లైటు పడితే కెమెరాకు అది వట్టి తెల్ల మచ్చగా మిగిలిపోవచ్చు. అది ఎక్స్‌పోజర్ లోపం, అంటే కెమెరాలోకి వెలుగు ఎంత రానివ్వాలన్న లెక్క తప్పడం.

ధ్వని కోసం రెండోసారి బొమ్మ ఆపేసి వినండి. మైకు జుట్టు మొదట్లోనో నుదుటి దగ్గరో ఉంటుంది. ఇద్దరూ కౌగిలించుకున్నప్పుడు ఒకరి మైకులో మరొకరి గొంతు దూరి బోలుగా వినిపిస్తుంది. బట్టల రాపిడి, అంగీ కదలిక పట్టుబడతాయి. వేదిక చివర నిలబడ్డ మనిషి గొంతు చెవి పక్కనే వినపడితే దూరం చచ్చిపోతుంది. పెదవులకూ మాటకూ పొంతన లేకపోతే ముందు మీ టీవీని, బ్లూటూత్ స్పీకర్‌ను అనుమానించండి. ధ్వని బొమ్మ కంటే 45 మిల్లీసెకన్లు ముందొచ్చినా చెవి పసిగడుతుంది. వెనకబడితే సుమారు 125 దాకా ఓర్చుకుంటుంది.

ప్రత్యక్ష ప్రసారానికీ డిస్కుకూ ఒకే కొలత పెట్టకండి. ప్రసారంలో తప్పు దిద్దే వీలుండదు, డిస్కుకు ఎడిటర్ చేతిలో సమయం ఉంటుంది. మూడు విభాగాలకూ విడివిడిగా మార్కులు వేయండి, కలిపి సగటు తీయకండి. నవలను చక్కగా మలిచి చెడ్డగా చిత్రీకరించిన నాటకానికీ, దానికి పూర్తి తలకిందులైనదానికీ సగటు ఒకటే వస్తుంది. చదివేవాడికి అది దేనికీ పనికిరాదు.

చివరగా మాయల సంగతి. ముగింపులో ఫాంటమ్ కుర్చీలో కూర్చుని పొడవాటి పై అంగీని ఒంటినిండా కప్పుకుంటాడు. మదామ్ జిరీ కూతురు మెగ్ దాన్ని లాగితే మాస్కు ఒక్కటే ఉంటుంది. వేదిక మీద ఇది కళ్లెదుట జరిగే అద్భుతం. మధ్యలో ఒక్క కట్ పడినా చూసేవాడు 'ఎడిటింగ్‌లో మాయం చేశారులే' అనుకుంటాడు, నాటకంవాళ్ల కష్టం గాలికి పోతుంది. సురభి వారి మాయాబజారు వీడియో చూసినా ఇదే పరీక్ష పెట్టండి. మాయ మొదలైనప్పటి నుంచి ముగిసేదాకా షాట్ తెగలేదు కదా, ఫ్రేములో వేదిక మొత్తం ఉంది కదా అని చూడండి.