పొలం ఇళ్ల రేడియోలు: స్విచ్ వేసే ముందు

అందరికీ నమస్కారం. ఈ పూట మనం మాట్లాడుకునేది 1930లలో అమెరికా పల్లెల కోసం చేసిన తక్కువ వోల్టేజీ వాల్వు రేడియోల గురించి. వాల్వు అంటే ట్రాన్సిస్టర్‌కు ముందు కాలంలో వాడిన గాజు గొట్టం, దాన్ని వేడి చేసే సన్న తీగే ఫిలమెంటు.

1935లో అక్కడ గ్రామీణ విద్యుదీకరణ సంస్థ ఏర్పడేనాటికి పది పొలాల్లో దాదాపు తొమ్మిదింటికి కరెంటు లైను లేదు. స్తోమత ఉన్న రైతులు డెల్కో-లైట్ లాంటి ఇంజను జనరేటరు పెట్టుకున్నారు. దానికి తోడు గాజు జాడీల్లో 16 లెడ్-యాసిడ్ సెల్లులు, సెల్లుకు 2 వోల్టుల చొప్పున మొత్తం 32 వోల్టులు. అంత ఖర్చు పెట్టలేనివాళ్లు ఇంటి మీద విన్‌చార్జర్ గాలిమర నిలబెట్టి 6 వోల్టుల బ్యాటరీని చార్జి చేసుకున్నారు. జెనిత్ అనే రేడియో కంపెనీ వాళ్లు దానికి తగ్గ రేడియోలు అమ్మారు.

సెట్టు చేతికి రాగానే ముందు లేబుల్ చదవండి. 32 వోల్టుల సెట్టుకు మామూలు రెండు కాళ్ల ప్లగ్గే ఉండొచ్చు. అది చూసి మెయిన్స్ సెట్టు, అంటే ఇంటి కరెంటుతో నడిచేది, అనుకుని మన 230 వోల్టుల సాకెట్‌లో పెడితే ఫిలమెంట్లు ఒక్క దెబ్బకు పోతాయి. కొన్నింట్లో 6.3 వోల్టుల వాల్వులు ఐదు వరసగా కలిపి ఉంటాయి, అంటే 31.5 వోల్టులు. వాటిలో ఒక్కటి ఆరితే అన్నీ ఆరిపోతాయి. అందుకే ఏ వాల్వూ వెలగలేదని సెట్టును చెత్తలో వేయకండి, మల్టీమీటరుతో ఒక్కో ఫిలమెంటూ చూడండి.

6 వోల్టుల సెట్టులో అసలు సంగతి వైబ్రేటర్. అల్యూమినియం డబ్బాలో చిన్న రేకు సెకనుకు నూరు సార్లకు పైగా కొట్టుకుంటూ డీసీని తుంచుతుంది. అలా తుంచినదాన్ని ట్రాన్స్‌ఫార్మర్ వాల్వులకు కావలసిన ఎక్కువ వోల్టేజీకి (హెచ్‌టీ) పెంచుతుంది. రేకు మీది కాంటాక్టు విడిపోయిన ప్రతిసారీ ట్రాన్స్‌ఫార్మర్ సెకండరీలో, అంటే బయటికిచ్చే చుట్టలో, పెద్ద వోల్టేజీ ఎగుస్తుంది. దాన్ని మింగేది బఫర్ కెపాసిటర్. ఆనాటి మైనం పూసిన కాగితం కెపాసిటర్లు ఈపాటికి తేమ పట్టి లీకవుతూ ఉంటాయి. బఫర్ షార్టయితే కాంటాక్టులు అతుక్కుంటాయి, తర్వాత ట్రాన్స్‌ఫార్మర్ కాలుతుంది. వాల్వు మళ్లీ కొనుక్కోవచ్చు గానీ ఆ ట్రాన్స్‌ఫార్మర్ దొరకడం కష్టం. అందుకే బఫర్‌ను పరీక్షించే పని కూడా పెట్టుకోకండి, తీసేసి కొత్తది వేయండి. సర్క్యూట్ బొమ్మలో ఉన్న విలువే వేయాలి. మామూలుగా అది 0.005 నుంచి 0.02 మైక్రోఫారడ్ మధ్య ఉంటుంది. 1600 వోల్టులకు తగ్గని పాలీప్రొపిలీన్ రకం తీసుకోండి. పెద్దది వేస్తే మంచిదనుకోవద్దు. విలువ మారితే నిప్పురవ్వలు వచ్చి కాంటాక్టులు తినేస్తాయి.

ఆ తర్వాత వైబ్రేటర్ ఊడదీసి, 5 ఆంపియర్ల ఫ్యూజుతో 6 వోల్టులు ఇచ్చి ఫిలమెంట్లు చూడండి. ఆపేసి, వైబ్రేటర్ పెట్టి, ఒక్కసారిగా నిండు వోల్టేజీ ఇవ్వండి. మెయిన్స్ సెట్లకు చేసినట్టు మెల్లగా పెంచకూడదు. తక్కువ వోల్టేజీలో రేకు కదలక కాంటాక్టులు మూసుకునే ఉంటాయి, మాడిపోతాయి. బుర్రుమనే చప్పుడు రాకుండా కరెంటు ఎక్కువ లాగుతుంటే వెంటనే ఆపండి. పెంచిన వోల్టేజీని తిరిగి డీసీగా మార్చే పని కూడా తానే చేసే సింక్రనస్ వైబ్రేటరైతే బ్యాటరీ ప్లస్, మైనస్ తారుమారు కాకూడదు. తారుమారైతే హెచ్‌టీ వోల్టేజీ తిరగబడి ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు పాడవుతాయి.

వైబ్రేటర్ తీసేసి ఏసీకి మార్చిన సెట్లు బోలెడు కనిపిస్తాయి. మార్చని సెట్టు దొరికితే మార్చకుండా ఉంచండి. రేకు బదులు ట్రాన్సిస్టర్లతో పనిచేసే వైబ్రేటర్ వాడినా పాతదాన్ని దాచిపెట్టండి.

స్టేషన్ పలుకుతున్నా వెనక గరగర వినిపిస్తుంటే వైబ్రేటర్ డబ్బాను పట్టుకునే స్ప్రింగు క్లిప్పు చూడండి. అది చిలుము పట్టి డబ్బాకు చాసిస్ (సెట్టు లోపలి లోహపు చట్రం) ఎర్త్ అందకపోతే ఆ గరగర పోదు. సన్న గరుకు కాగితంతో రుద్దండి.