బుజ్జిపిల్లలతో హాలోవీన్: వేషం నుంచి చాక్లెట్ దాకా

నమస్కారం అండీ. అక్టోబరు 31, అంటే హాలోవీన్ దగ్గరికొచ్చేసింది. పిల్లలు వేషాలు వేసుకుని ఇంటింటికీ వెళ్లి మిఠాయిలు తెచ్చుకునే పండగ ఇది. అమెరికాలో చంటిబిడ్డతో మొదటిసారి హాలోవీన్ చేసుకుంటున్న మన తెలుగు అమ్మానాన్నల కోసం ఈ వీడియో. ముందే ఒక మాట. రెండేళ్లలోపు పిల్లలకు ఈ పండగ సంగతేమీ తెలియదు. ఫొటోల సరదా మనదే, చాక్లెట్ల సరదా మనదే. కాబట్టి ప్లాన్ ఎంత చిన్నదైనా వాళ్లకు లోటేమీ ఉండదు. నన్నడిగితే నాలుగైదు ఇళ్లు చాలు, ఆ తర్వాత అన్నం, నిద్ర.

ఒక భయం కూడా ఇప్పుడే తీసేద్దాం. "చాక్లెట్‌లో విషం కలుపుతారట, జాగ్రత్త" అని ఇండియా నుంచి అత్తయ్యగారు ఫోన్ చేస్తారు కదా. డెలవేర్ యూనివర్సిటీలో జోయెల్ బెస్ట్ అనే సోషియాలజీ ప్రొఫెసర్ 1958 నుంచి వచ్చిన ఇలాంటి వార్తలను ఏళ్ల తరబడి వెతికారు. హాలోవీన్ రోజు ముక్కూమొహం తెలియనివాళ్లు పంచిన మిఠాయిలో ఏదో కలపడం వల్ల బిడ్డ చనిపోయిన కేసు ఒక్కటీ ఆయనకు దొరకలేదు. కవర్ చిరిగినవి పారేయండి, అంతే. మన టెన్షన్ అంతా గొంతుకు అడ్డంపడేవాటి మీద, చిన్న బ్యాటరీల మీద, రోడ్డు మీద కార్ల మీద ఉండాలి.

వేషంతో మొదలుపెడదాం. కృష్ణాష్టమికి కొన్న చిన్నికృష్ణుడి డ్రెస్సు బీరువాలో ఉంటే కొత్తది కొనక్కర్లేదు. కానీ ముందు దాని పూసలన్నీ లాగి చూడండి. ఇదిగో, నా చేతిలో ఉన్నది టాయిలెట్ పేపర్ అయిపోయాక మిగిలిన అట్ట గొట్టం. ఇందులోంచి జారిపోయే వస్తువు ఏదైనా సరే మూడేళ్లలోపు పిల్లల దగ్గర ఉండకూడదు. కిరీటం మీది ముత్యం వేస్తున్నాను... పడిపోయింది, చూశారా? ఇలాంటివి గట్టిగా కుట్టినా సరిపోదు, తీసేయడమే మంచిది. మెళ్లో దండలు వద్దు, మెడకు బిగుసుకుంటాయి. పిల్లనగ్రోవి ఫొటో వరకే. అది నోట్లో పెట్టుకుని నడుస్తూ పడితే అంగిట్లో గుచ్చుకుంటుంది.

షాపులో కొనేటట్టయితే 'ఫ్లేమ్ రెసిస్టెంట్' అని లేబుల్ ఉందో లేదో చూడండి. అంచు చీలమండ పైనే ఆగాలి. మాస్కు అసలొద్దు. పిల్లి మీసాలు గీద్దామని ఇండియా నుంచి తెచ్చిన కాటుక తీయకండి. కొన్ని కాటుకల్లో సీసం ఉంటుందని ఇక్కడి ఆహారం, మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరిస్తోంది, పిల్లలు మొహం రుద్దుకుని అదే చెయ్యి నోట్లో పెట్టుకుంటారు. మీసాలు లేని పిల్లి కూడా ముద్దుగానే ఉంటుంది.

కార్లో వెళ్తుంటే మాత్రం ఒకటి గుర్తుపెట్టుకోండి. దూది కూరిన గుమ్మడికాయ డ్రెస్సు వేసి కార్ సీటు బెల్టు పెడితే బిగుతుగా ఉన్నట్టే కనిపిస్తుంది. యాక్సిడెంట్ అయితే ఆ దూది అణిగిపోయి బెల్టు వదులవుతుంది. అందుకని మామూలు బట్టల్లో ఎక్కించి, దిగాక వేషం వేయండి.

ఇక గుమ్మడికాయ. దిష్టికి గుమ్మానికి బూడిద గుమ్మడికాయ కట్టే వాళ్లం, ఇది మనకేమీ వింత కాదు. ఇక్కడ దాన్ని తొలిచి లోపల దీపం పెడతారు. కొవ్వొత్తి పెడితే మంట భయం, కాబట్టి ఎల్‌ఈడీ దీపం కొంటాం. అసలు తిరకాసు ఇక్కడే ఉంది. వీటిలో చాలావాటి అడుగున రూపాయి బిళ్లలా ఉండే బటన్ బ్యాటరీ ఉంటుంది. అది మింగితే అన్నవాహికలో ఇరుక్కుని, రెండు గంటల్లోనే లోపల కాల్చేయగలదు. మింగిందేమోనని అనుమానం వచ్చినా వాంతి చేయించకుండా నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లాలి. బ్యాటరీ మూత స్క్రూతో బిగించేది మాత్రమే కొనండి. నేనైతే కాయ కోయను, దీపం పెట్టను. చెరిగిపోయే రంగులిచ్చి పాప చేత పూయిస్తాను.

బయటికి వెలుతురు ఉండగానే బయల్దేరండి. ఆ రోజు న్యూజెర్సీలో ఆరు లోపే పొద్దుగూకుతుంది, డాలస్‌లో ఆరున్నర దాటుతుంది. 1975 నుంచి 2016 వరకు అమెరికా రోడ్డు ప్రమాదాల లెక్కలు చూసిన ఒక అధ్యయనంలో, హాలోవీన్ సాయంత్రం నడిచివెళ్లేవాళ్లు ప్రమాదంలో చనిపోయే ముప్పు మామూలు సాయంత్రాల కంటే 43 శాతం ఎక్కువని తేలింది. స్ట్రోలర్‌కి మెరిసే టేపు అంటించండి. చీకట్లో మెరిసే ప్లాస్టిక్ గొట్టం, అదే గ్లో స్టిక్ మాత్రం పిల్లల చేతికివ్వకండి, కొరికేస్తారు.

భయపడే పిల్లలుంటారు. అస్థిపంజరం బొమ్మ ఉత్తిదే అని రెండేళ్ల బిడ్డకు తెలియదు. ముందు రోజు పగలు అదే వీధిలో తిప్పి చూపించండి. దయచేసి ఆ వారమంతా "తినకపోతే బూచాడొస్తాడు" అనకండి. నిజంగానే బూచాళ్లు వచ్చి తలుపు కొడతారు మరి!

చాక్లెట్ల సంగతి. రెండేళ్లలోపు పిల్లలకు చక్కెర కలిపినవేవీ పెట్టొద్దనే పిల్లల డాక్టర్లు చెబుతారు. గట్టి క్యాండీ, క్యారమెల్, గమ్, పాప్‌కార్న్, పల్లీలు, బాదం నాలుగేళ్లు వచ్చేదాకా వద్దు. అలర్జీ ఉంటే ప్రతి చిన్న ప్యాకెట్ మీదా పదార్థాలు చదవండి, పెద్ద ప్యాకెట్‌లో ఉన్నవే దీంట్లోనూ ఉంటాయని అనుకోవద్దు. గుమ్మం ముందు నీలం, ఆకుపచ్చ కలిసినట్టుండే టీల్ రంగు గుమ్మడికాయ కనిపిస్తే ఆ ఇంట్లో తిండి కాకుండా బొమ్మల్లాంటివి ఇస్తారని అర్థం. వాటిని కూడా మన అట్ట గొట్టంలో వేసి చూడాల్సిందే.

అన్నయ్యో అక్కయ్యో ఉంటే వాళ్ల మిఠాయి సంచీ నేల మీద కాదు, ఎత్తయిన టేబుల్ మీద గుమ్మరించాలి. గంజాయి కలిపిన గమ్మీలు అచ్చం మామూలు మిఠాయిలా ఉంటాయి, పెద్దవాళ్ల పార్టీ నుంచి వచ్చినవి తాళం వేసి పెట్టండి. ఏదైనా మింగారని అనుమానమొస్తే విషం విషయంలో సలహా ఇచ్చే పాయిజన్ కంట్రోల్ నంబరు 1-800-222-1222, ఫ్రీ, రాత్రి కూడా పలుకుతారు. ఊపిరి ఆడకపోయినా, స్పృహ తప్పినా 911.

బిడ్డ నిద్రపోయాక బెల్ మోగకూడదంటే పోర్చ్ లైటు ఆర్పేయండి, ఇక్కడ దాని అర్థం అందరికీ తెలుసు. మిగిలిన చాక్లెట్లు మర్నాడు పొద్దున్నే ఆఫీసుకు పంపించేయండి. లేదంటే అవి అవగొట్టేది మనమే!