నొప్పి లేని పుండు గురించి

అందరికీ నమస్కారం. పీర్ల పండుగకు ఊరికొచ్చిన వాళ్లు మళ్లీ పుణె, బొంబాయి బస్సెక్కేలోపు ఒక పూట ఇలా కూర్చున్నారు, చాలా సంతోషం. వెనక అరుగు మీద కూర్చున్న అక్కలూ, చెల్లెళ్లూ, మీరు లేచి పోకండి, ఈ మాటల్లో సగం మీకోసమే.

నేను డాక్టర్ని కాదు. 22 ఏళ్లు సర్కారు దవాఖానాలో ల్యాబ్ టెక్నీషియన్‌గా రక్తపరీక్షలు చేసినవాణ్ణి, మందు రాసిచ్చే అర్హత నాకు లేదు. కానీ ఇన్నేళ్లలో మన పాలమూరు మనుషుల నోట నేను ఎక్కువసార్లు విన్నది రెండే మాటలు. ఒకటి "వేడి చేసింది సార్", రెండోది "అదే తగ్గిపోయింది సార్". సుఖరోగాల విషయంలో మన కొంప ముంచుతున్నవి ఈ రెండు మాటలే అని నా నమ్మకం.

ముందు సవాయి గురించి చెప్తా, డాక్టర్లు సిఫిలిస్ అంటారు. కలిసిన తర్వాత సుమారు మూడు వారాలకు, ఒక్కోసారి పది రోజులకే, ఒక్కోసారి మూడు నెలలకు, మర్మాంగం మీద ఒక పుండు లేస్తుంది, నోట్లోనో మలద్వారం దగ్గరో కూడా రావచ్చు. అంచులు గట్టిగా ఉంటాయి, నొప్పి మాత్రం ఉండదు. మనకేమో నొప్పి ఉంటేనే రోగం అని అలవాటు. రాళ్లు మోసేటప్పుడు వేలు నలిగితే కట్టు కట్టుకుంటాం గానీ నొప్పి లేని పుండుకు పని పోగొట్టుకుని దవాఖానాకు ఎవరు పోతారు? పైగా అది మూడు నుంచి ఆరు వారాల్లో ఏ మందూ లేకుండా దానంతటదే మానిపోతుంది. ఆడవాళ్లకైతే లోపల ఎక్కడో లేస్తుంది, వచ్చిందీ తెలియదు, పోయిందీ తెలియదు. కానీ పుండు మానిందంతే, క్రిమి అప్పటికే రక్తంలోకి పోయి ఉంటుంది.

కొన్ని వారాలకో నెలలకో ఒంటి మీద మచ్చలు వస్తాయి, అరచేతుల్లో, అరికాళ్లలో కూడా, మామూలుగా దురద పెట్టవు. సెంట్రింగ్, తాపీ పనులు చేసే తమ్ముళ్లు దీన్ని బాగా గుర్తుపెట్టుకోవాలి, ఎందుకంటే మీ చేతులకు సిమెంటు కొట్టి పగుళ్లు, పొక్కులు రావడం మీకు మామూలే కదా, ఇది కూడా సిమెంటే అనుకుంటారు. సిమెంటు పడకపోతే బాగా దురద, మంట ఉంటాయి, పైగా అరికాళ్లలో మచ్చలు సిమెంటుతో ఎందుకు వస్తాయి, కాళ్లకు బూట్లు ఉన్నా? ఈ మచ్చలు కూడా పోతాయి. మళ్లీ "తగ్గింది". ఆ తర్వాత ఏళ్ల తరబడి ఏమీ కనబడదు, చివరికి కొందరిలో గుండెకు, మెదడుకు, కళ్లకు పోతుంది.

నేను చూసిన ఒక సంగతి చెప్తా, ఊరూ పేరూ అడగకండి. ఒక చెల్లె మొదటి కాన్పుకు పరీక్షలకు వచ్చింది. గర్భిణులందరికీ చేసే సిఫిలిస్ పరీక్షే చేశాం, పాజిటివ్ వచ్చింది. ఆ అమ్మాయికి ఒంట్లో ఏ బాధా లేదు. భర్తను పిలిపించి కౌన్సెలర్ మెల్లగా అడిగితే, రెండేళ్ల కింద పుణెలో పనిలో ఉన్నప్పుడు ఒక పుండు లేచిందట, గుంపు మేస్త్రి ఏదో ఆయింట్‌మెంట్ ఇస్తే రాశాడట, పదిహేను రోజుల్లో పోయిందట. ఆయన చాలా మంచివాడు, భార్యంటే ప్రాణం, తెలిసి ఎవరికీ చెడు చేసే మనిషి కాదు. ఇద్దరికీ పెన్సిలిన్ ఇంజెక్షన్లు పడ్డాయి, బిడ్డ బాగుంది. ఆ పరీక్ష చేయించుకోకపోయి ఉంటే కడుపులోనే బిడ్డ పోయి ఉండవచ్చు, లేదా రోగంతోనే పుట్టి ఉండవచ్చు. అందుకే అక్కలారా, నెల తప్పిందని తెలియగానే పోయి రక్తం ఇవ్వండి, పుట్టింటికి పోయినాక చూద్దాంలే అనొద్దు.

ఈ రోగానికి 1943లో అమెరికాలో మొదటిసారి పెన్సిలిన్ ఇచ్చి చూశారు, ఇప్పటికీ అదే మందు పనిచేస్తోంది. కొత్తగా అంటినదైతే పిర్రకు వేసే బెంజథీన్ పెన్సిలిన్‌తో ఒక్కసారికే సరిపోతుంది, పాతదైతే వారానికోసారి మూడు వారాలు. ఇంజెక్షన్ వేసిన రోజు కొందరికి చలిజ్వరం, ఒళ్లునొప్పులు వస్తాయి. క్రిములు ఒక్కసారిగా చచ్చినప్పుడు వచ్చే జ్వరం అది, ఒక రోజులో పోతుంది. సూది వికటించిందని భయపడి మిగతా డోసులు మానేసినవాళ్లను చూశాను. పెన్సిలిన్ పడనివాళ్లు కూడా ఉంటారు, అది ముందే చెప్పాలి, సూది తర్వాత అరగంట అక్కడే కూర్చోవాలి.

ఇంకో మాట, ల్యాబ్ మనిషిగా చెప్తున్నా. వైద్యం అయిపోయాక కూడా కొన్ని సిఫిలిస్ పరీక్షలు జీవితాంతం పాజిటివ్ చూపిస్తూనే ఉంటాయి. అది చూసి రోగం పోలేదని ఏడ్చినవాళ్లున్నారు, మళ్లీ మళ్లీ డబ్బు గుంజినవాళ్లూ ఉన్నారు. చూడాల్సింది వీడీఆర్‌ఎల్ అనే రక్తపరీక్షలో వచ్చే అంకె, రక్తాన్ని ఎన్ని రెట్లు పలుచన చేసినా పాజిటివ్ చూపిస్తుందో అది చెప్తుంది. 1:32 ఉన్నది 1:8కి, ఇంకా కిందికి దిగుతోందంటే మందు పని చేసినట్టే. పాత కాగితం పారేయకుండా దాచుకోండి, పోల్చి చూడటానికి అదే ఆధారం.

ఇక సెగ, గనేరియా. ఇది మగవాళ్లలో చాలావరకు దాక్కోదు. కలిసిన కొద్ది రోజుల్లోనే మూత్రానికి పోతే మంట, చీము. "వేడి చేసింది" అనే మాట ఎక్కువగా వినబడేది ఇక్కడే. సబ్జా గింజలు, కొబ్బరి నీళ్లు, నీరా, కల్లు, అన్నీ తాగుతారు. ఎండలో పనిచేసి నీళ్లు తక్కువైతే మంట రావడం నిజమే, కానీ ఎండకు చీము రాదు. చీము వచ్చిందంటే అది రోగం. మెడికల్ షాపులో రెండు గోలీలు అడిగి తెచ్చుకోవడం కూడా పనికిరాదు, ఒకప్పుడు పనిచేసిన సిప్రోఫ్లాక్సాసిన్ లాంటి మందులకు ఈ క్రిమి మన దేశంలో ఎప్పుడో లొంగడం మానేసింది. దీనికి తోడుగా క్లమిడియా అని ఇంకొకటి ఉంటుంది, చాలామందికి ఏ లక్షణమూ ఉండదు, అందుకే డాక్టర్లు రెండింటికీ కలిపి మందిస్తారు. క్లమిడియాకు వాడే డాక్సీసైక్లిన్ టెట్రాసైక్లిన్ జాతి మందు, ఆ జాతిలో మొదటిదైన ఆరియోమైసిన్ 1948లో బయటికొచ్చింది మన భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు నడిపించిన పరిశోధనల్లోంచే. ఈ మాట చెప్పినప్పుడల్లా నాకు గర్వంగా ఉంటుంది.

ఆడవాళ్ల సంగతికి వస్తే నా బాధ వేరే. తెల్లబట్ట కాగానే భర్త అనుమానించడం, అత్త సూటిపోటి మాటలు. కొంచెం తెల్లబట్ట అందరికీ మామూలే, నెల మధ్యలో ఎక్కువవుతుంది. పెరుగు తరకలా అయి దురద పెడితే అది చాలాసార్లు ఫంగస్, దానికీ నడతకూ సంబంధం లేదు. పచ్చగా, నురగగా, చెడు వాసనతో ఉంటే, పొత్తికడుపు నొప్పి, జ్వరం ఉంటే, కలిసినప్పుడు నొప్పి ఉంటే చూపించుకోవాల్సిందే. సెగ, క్లమిడియా లోపలికి పాకితే గర్భం నాళాలు మూసుకుపోవచ్చు, పిల్లలు పుట్టకపోవచ్చు. అప్పుడు ఊరంతా "గొడ్రాలు" అనేది ఎవరిని? రోగం తెచ్చిచ్చింది ఎవరు? ఇది అడగకుండా నేను కూర్చోలేను. ఇంకొకటి, తెల్లబట్టకు గర్భసంచి తీయించుకోమని ఎవరైనా అంటే వెంటనే ఒప్పుకోకండి, ఇంకో డాక్టర్ని అడగండి. మందుతో పోయేదానికి 30 ఏళ్లకే గర్భసంచి పోగొట్టుకున్న అక్కలు మన ఊళ్లలోనే ఉన్నారు.

చిన్న చిన్న నీటి పొక్కులు గుత్తిగా లేచి పగిలి మండితే అది హెర్పిస్. నరాల్లో దాక్కుంటుంది, మళ్లీ మళ్లీ రావచ్చు, మందుతో తగ్గించుకోవచ్చు గానీ పూర్తిగా పోదు. పులిపిర్లు హెచ్‌పీవీ వైరస్ వల్ల. అదే జాతిలోని కొన్ని వైరస్‌ల వల్ల ఆడవాళ్లకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ వస్తుంది, ఆడపిల్లలకు దాని టీకా ఉంది. హెచ్‌ఐవీ గురించి మీరు చాలా విన్నారు, ఒక్కటే చెప్తా, పుండో చీమో ఉన్నవాళ్లకు హెచ్‌ఐవీ ఇంకా సులువుగా అంటుతుంది, కాబట్టి ఒకటి కనబడితే రెండు పరీక్షలూ చేయించుకోవాలి. కొత్తగా అంటితే మొదటి వారాల్లో పరీక్షకు దొరకకపోవచ్చు, మూడు నెలలకు మళ్లీ చేయించుకోవాలి. కండోమ్ వీటిలో చాలావాటిని ఆపుతుంది, హెర్పిస్‌నూ పులిపిర్లనూ పూర్తిగా ఆపలేదు, అయినా వాడాల్సిందే. ఒకే బాత్రూమ్ వాడితేనో, ఒకే పళ్లెంలో తింటేనో ఇవి రావు, రూమ్‌లో పదిమంది ఉంటున్నామని టెన్షన్ పడకండి.

వైద్యం ఒక్కరికి చేస్తే లాభం లేదు. భర్తకు తగ్గి భార్యకు ఉంటే మళ్లీ భర్తకే వస్తుంది. ఇద్దరూ ఒకేసారి మందు వాడాలి, అయిపోయాక కూడా వారం రోజులు దూరంగా ఉండాలి. జిల్లా దవాఖానాల్లో సురక్ష క్లినిక్‌లు ఉంటాయి, రోగాన్ని బట్టి రంగు రంగుల కిట్లలో మందులు ఇస్తారు, చీముకు బూడిద రంగు, పుండుకు తెలుపు, అన్నీ ఉచితం. పని దగ్గర పుణెలో ఉన్నప్పుడు వచ్చినా అక్కడి సర్కారు దవాఖానాలోనూ ఇవి ఉంటాయి. ఎక్కడికి పోవాలో తెలియకపోతే 1097కి ఫోన్ చేయండి, పైసా పడదు.

సిగ్గు సంగతి నాకు తెలుసు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒకతని పేరు గట్టిగా పిలిచి "నీ రిపోర్ట్ వచ్చింది, పాజిటివ్" అని అందరి ముందే చెప్పాను. అతను కాగితం తీసుకోకుండా వెళ్లిపోయాడు, మళ్లీ రాలేదు. ఆ ముఖం నాకు ఇప్పటికీ గుర్తే. తర్వాత ఎన్నడూ అట్లా చేయలేదు. ఇప్పుడు చట్టం కూడా ఉంది, 2017లో వచ్చింది, హెచ్‌ఐవీ సంగతి మీ ఒప్పుకోలు లేకుండా ఇంకొకరికి చెప్పడం తప్పు.

నలుగురిలో అడగలేరని తెలుసు. చీకటి పడేదాకా నేను ఆ బడి వెనక వేపచెట్టు కింద ఉంటా. ఒక్కొక్కరే రండి. ఆడవాళ్లకు మా ఆశా అక్క లోపల గదిలో ఉంటుంది.