నాలుగు గిన్నెల లెక్క

సభాధ్యక్షులకు, ఆదివారం సెలవును వదులుకొని వచ్చిన తోటి నర్సులకు, పోషకాహార నిపుణులకు నమస్కారం. పెద్దలందరి పేర్లూ చెప్పే ఆచారాన్ని ఈ ఒక్కసారికి పక్కన పెడుతున్నాను, ఎందుకంటే నేను చెప్పవలసినది నా సొంత పొరపాటు, అది బయటపడేవరకు మరో మాట సరిగా నోట రాదు.

న్యూజెర్సీలో పనిచేసే మనలో చాలామంది దగ్గరికి మధుమేహం ఉన్న యూదు కుటుంబాలు వస్తుంటాయి. వారి ఇళ్లలో వైన్ విలాసం కాదు, విధి. శుక్రవారం సాయంత్రం కిద్దూష్ అనే ఆశీర్వాద ప్రార్థన చదివి తాగుతారు. పస్కా పండుగ రాత్రి, సెదెర్ అనే విందులో, ఒక్కొక్కరు నాలుగు గిన్నెలు తాగుతారు. వైన్ పడనివారికి, పిల్లలకు ద్రాక్షరసం పోస్తారు. ఇలాంటి చోట “మానేయండి” అని సలహా ఇస్తే మన పని మనం ఎగ్గొట్టినట్టే. మనం చేయవలసింది లెక్క కట్టడం.

తీపి లేని వైన్ 150 మిల్లీలీటర్లలో పిండిపదార్థాలు సుమారు 4 గ్రాములు. కాంకర్డ్ ద్రాక్షతో చేసే తీపి కోషర్ వైన్‌లో, అంటే యూదుల ఆహార నియమాలకు సరిపడే వైన్‌లో, అదే కొలతకు 20 గ్రాముల వరకు, కొన్నిటిలో అంతకు మించి ఉంటాయి. ద్రాక్షరసంలో 23 గ్రాముల దాకా ఉంటాయి. కాంకర్డ్ ద్రాక్ష 1849లో మసాచుసెట్స్‌లో పుట్టిన రకం. దాని వైన్ పుల్లగా, ఘాటుగా ఉండటం వల్ల చక్కెర కలపడం అలవాటైంది, అమెరికాకు వలస వచ్చిన యూదుల ఇళ్లలో ఆ తీపే పండుగ రుచిగా స్థిరపడింది. కోషర్ ముద్ర ఆచారశుద్ధికి గుర్తు, చక్కెర గురించి అది ఏమీ చెప్పదు. సీసా మీద కేలరీలు కనిపించినా గ్రాముకు నాలుగు కేలరీల లెక్కన వాటిని నాలుగుతో భాగించి పిండిపదార్థాలు తేల్చకండి, ఆ కేలరీలలో ఎక్కువ భాగం ఆల్కహాల్‌వి.

ఇప్పుడు నా పొరపాటు. ఇన్సులిన్ తీసుకునే ఒక పెద్దాయనకు నేను ఒక కాగితం రాసిచ్చాను: “వైన్, గిన్నెకు 20 గ్రాములు”. ఆయన ఏళ్ల తరబడి తాగేది ఆ తీపి వైనే కాబట్టి ఏ వైన్ అని రాయాలని నాకు తోచలేదు. ఆ పస్కాకు కొడుకు, తండ్రి చక్కెర మీద శ్రద్ధతో, తీపి లేని మంచి వైన్ తెచ్చాడు. కాగితం మారలేదు. పది గ్రాముల పిండిపదార్థాలకు ఒక యూనిట్ ఇన్సులిన్ చొప్పున ఆయన నాలుగు గిన్నెలకు ఎనిమిది యూనిట్లు వేసుకున్నారు. ఆ గిన్నెలలో నిజంగా ఉన్నది 16 గ్రాములు, అంటే రెండు యూనిట్లకు కూడా సరిపోదు.

మీలో కొందరు తల పంకిస్తున్నారు, ఆ మీదట ఏం జరిగిందో మీకు తెలిసిపోయింది. అయినా చెబుతాను. సెదెర్‌లో మొదటి రెండు గిన్నెలు భోజనానికి ముందే అయిపోతాయి. ఆ రెంటి మధ్య, ఈజిప్టు దాస్యం నుంచి విముక్తి కథ చదువుతూ గంటకు పైగా కూర్చున్నారు. చివరి రెండూ భోజనం తరువాత, అర్ధరాత్రి దగ్గరపడుతుండగా తాగారు. ఆల్కహాల్‌ను వదిలించుకునే పనిలో పడ్డ కాలేయం కొత్త గ్లూకోజును తయారుచేయడం తగ్గిస్తుంది, అందుకే రక్తంలో చక్కెర పడిపోవడం చాలాసార్లు నిద్రలోనే జరుగుతుంది. తెల్లవారుజామున మూడు గంటలకు మనవడు చెమటలతో తడిసిపోయిన తాతను చూశాడు. మాట తడబడుతున్నా మింగగలిగే స్థితిలో ఉన్నారు కాబట్టి, బల్ల మీద పిల్లల కోసం పెట్టిన ద్రాక్షరసమే ఆయనను నిలబెట్టింది. తీపి ఎక్కువైతే ప్రమాదమని ఇన్నేళ్లూ బోధించిన నేను, తీపి తగ్గించినందుకు వచ్చిన ప్రమాదాన్ని ఆ ఉదయం ఫోనులో విన్నాను.

ఆ కాగితం రాసింది నేనే. ఈ మాట మళ్లీ అంటున్నాను.

ఒక్క నిమిషం. మీ ఇంట్లో మంచినీళ్లు తాగే గ్లాసులో ఎన్ని మిల్లీలీటర్లు పడతాయో కొలిచినవారు చేతులెత్తండి. ఇద్దరే! మనమే కొలవకుండా, అవతలివారి చేత “ఒక గిన్నె” అని ఎలా రాయించుకుంటాం? కిద్దూష్ గిన్నెకు కావలసిన కనీస కొలతను ఒక లెక్క ప్రకారం 86 మిల్లీలీటర్లంటారు, మరో లెక్క ప్రకారం 150 అంటారు. అందులో సగానికి మించి తాగితే సరిపోతుందా, నీళ్లు కలపవచ్చా అనేవి రబ్బీ, అంటే వారి మతగురువు, చెప్పవలసిన సంగతులు. ప్రాణరక్షణ మిగతా నియమాలకన్నా ముందన్నది వారి ధర్మంలోనే ఉంది కనుక, అడగమని ప్రోత్సహించండి.

ఇదంతా సూర్యాస్తమయానికి ముందే జరగాలి, ఎందుకంటే నియమాలు పాటించే ఇళ్లలో పండుగ మొదలయ్యాక రాయరు, ఫోను ముట్టరు. అమెరికాలో వైన్ సీసాల మీద పోషక వివరాలు ముద్రించడం తప్పనిసరి కాదు. యూరప్‌లో 2023 డిసెంబరు 8 తరువాత తయారైన వైన్‌లకు తప్పనిసరే కానీ, ఆ వివరాలు తరచు క్యూఆర్ కోడ్ వెనుక ఉంటాయి. ఫోను ముట్టని రాత్రి ఆ చతురస్రం ఎవరికి పనికొస్తుంది?

మరుసటి ఏడాది నేను కొలత జాడీతో ఆ ఇంటికి వెళ్లాను. పెద్దావిడ తన అత్తగారిచ్చిన వెండి గిన్నెను బీరువాలోంచి తీసి నా చేతికిచ్చింది, నీళ్లు పోసి చూస్తే 165 మిల్లీలీటర్లు పట్టింది. అంచుకు కొంచెం కిందుగా, కడిగితే పోని చుక్క ఒకటి నెయిల్ పాలిష్‌తో లోపలివైపు పెట్టాలని నేను అడగబోయి, ఆవిడ ముఖం చూసి మానేశాను. ఇప్పుడు అక్కడ కొలిచిన వైన్‌ను జాడీలోంచే గిన్నెలోకి పోస్తున్నారు. మీకు పంచుతున్న కాగితంలో మొదటి గడి “ఏ వైన్?” అని ఉంది. దాన్ని నేను నింపలేదు, కుటుంబం ముందు కూర్చొని, సీసా చేతిలో పట్టుకొని మీరు నింపండి.