చివరి పది గజాలు: కుళాయి నీళ్ల గురించి బాబాయితో

నేను: నమస్కారం. గుంటూరు నుంచి మాట్లాడుతున్నాను. ఈ రోజు నా ఎదురుగా కూర్చున్నది మా బాబాయి. ఈ జిల్లాలోనే ఒక చిన్న పట్టణంలో ముప్పై ఏళ్లకు పైగా నీటి సరఫరాలో ఫిట్టరుగా పనిచేశారు. మా ఇద్దరి మధ్య బల్ల మీద రెండు చిన్న సీసాలున్నాయి. నిన్న పొద్దున వాటిలో నీళ్లు పట్టాం. వాటి దగ్గరికి తరువాత వస్తాం. బాబాయీ, ముందు మా అబ్బాయి సంగతి చెప్పనా?

బాబాయి: చెప్పమ్మా. నన్ను పిలిపించింది దాని కోసమే కదా.

నేను: పోయిన ఏడాది వానలు వెనకబట్టాక వాడికి పచ్చకామెర్లు వచ్చాయి. తొమ్మిదేళ్ల పిల్లవాడు. నాలుగు రోజులు అన్నం సహించలేదు, అయిదో రోజుకు కళ్లు పచ్చబడ్డాయి. బడి ముందు అమ్మే పుల్ల ఐసు మీద నెపం నెట్టాను. డాక్టరు గారు మాత్రం ఇంట్లో ఏ నీళ్లు తాగుతారని అడిగారు. కుళాయి నీళ్లేనండీ, తేటగా ఉంటాయి అన్నాను. నిన్న మొన్న తాగిన నీళ్ల గురించి కాదమ్మా, నెల రోజుల కిందటి నీళ్ల గురించి ఆలోచించండి అన్నారు. నీటి ద్వారా కామెర్లు తెచ్చే హెపటైటిస్-ఏ, హెపటైటిస్-ఈ అనే వైరస్‌లు ఒంట్లో చేరాక రెండు వారాల నుంచి నెలన్నర, ఒక్కోసారి రెండు నెలలు గడిస్తే గానీ బయటపడవట. నాకు కాళ్లు చల్లబడ్డాయి. ఆ నెలంతా రోజూ ఆ నీళ్లే గ్లాసులో పోసి ఇచ్చింది నేనే.

బాబాయి: నీళ్లు తేటగా ఉన్నాయా అని అందరూ చూస్తారు. ఆ తేటదనం కోసమే మా అమ్మ చిల్లగింజ అరగదీసి కడవలో కలిపేది. బురద అడుగుకు దిగేది. ఫిల్టరు బెడ్ల దగ్గర మేము పటిక కలిపేదీ అందుకే. మట్టి కణాలు ఒకదానికొకటి అంటుకుని, బరువెక్కి కిందికి దిగుతాయి. మిగిలింది ఇసుక పొరలు పట్టేస్తాయి. కానీ కంటికి కనిపించని దాన్ని చంపేది ఆ తరువాత కలిపే క్లోరిన్. అది నీటిలో కనీసం అరగంట కలిసి ఉండాలి. చంపవలసినవి చంపాక కూడా కొంచెం మిగిలి, నీటితో పాటు మీ కుళాయి దాకా రావాలి. లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు మిగలాలని మన దేశపు తాగునీటి ప్రమాణం, ఐ.ఎస్. 10500, చెబుతుంది. ఆ కొంచెమే దారిలో నీటికి కాపలా.

నేను: మీరు వచ్చిన రోజు మొదట చూసింది అదే కదా. వినేవాళ్లకు ఆ పొద్దున జరిగింది చెప్పండి.

బాబాయి: ఆరు గంటలకు నీళ్లు వదిలారు. నీటిలో క్లోరిన్ ఉందో లేదో చూసే క్లోరోస్కోపు పట్టుకుని వీధి మొదటి ఇంటి దగ్గర నిలబడ్డాను. గాజు గొట్టంలో నీళ్లు పోసి, క్లోరిన్ తగిలితే పసుపెక్కే ఓ.టి. ద్రావణం చుక్కలు వేశాను. నిమ్మపండు రంగు వచ్చింది, అంటే క్లోరిన్ ఉంది. నాలుగో ఇల్లు, పసుపే. తొమ్మిదో ఇల్లు, పసుపే. మీ కుళాయి దగ్గర చుక్కలు వేస్తే రంగు రాలేదు. మళ్లీ వేశాను. ఊహూ. తొమ్మిదో ఇంటికీ మీ కుళాయికీ మధ్య ఉన్న ఆ పది గజాల్లో ఏదో క్లోరిన్‌ను తినేస్తోంది. మురుగు కలిస్తే క్లోరిన్ దాని మీదే ఖర్చయిపోతుంది.

నేను: తరువాత సైడు కాలువ మీది బండ లేపించారు.

బాబాయి: మీ ఇంటి గొట్టం సరిగ్గా కాలువ అడుగునుంచి వెళ్లింది. పాత జీ.ఐ. పైపు, అంటే జింకు పూత పూసిన ఇనుప గొట్టం. నల్లటి బురదలో చెయ్యి పెట్టి తడిమితే వేలికి మెత్తగా తగిలింది. లాగి చూస్తే సైకిలు ట్యూబు. ఎవరో ఎప్పుడో కారుతోందని ట్యూబు చుట్టి తీగతో బిగించి వదిలేశారు. ట్యూబు కింద మేకు పట్టేంత చిల్లు.

నేను: ఆ ట్యూబు ముక్క ఇప్పటికీ నా కళ్ల ముందే ఉంది. అయితే ఒక అనుమానం. చిల్లు ఉంటే లోపలి నీళ్లు బయటికి కారాలి గానీ, బయటి మురుగు లోపలికి ఎలా వస్తుంది?

బాబాయి: మంచి ప్రశ్న. గొట్టంలో నీళ్లు నిండుగా, జోరుగా ఉన్నంతసేపూ బయటికే కారతాయి. మన ఊళ్లలో నీళ్లు ఇరవై నాలుగు గంటలూ రావు కదా. పూటకో గంట, రెండు గంటలు. వాల్వు కట్టేశాక గొట్టం ఖాళీ అవుతుంది. కాలువలో నిలిచిన మురుగు అదే చిల్లులోంచి నింపాదిగా లోపలికి దిగుతుంది. మళ్లీ నీళ్లు వదలగానే అది ముందుగా మీ బిందెలో పడుతుంది. అందుకే మొదటి అయిదు నిమిషాల నీళ్లు పట్టకండి, వాకిలికీ మొక్కలకూ వాడండి అని నా సర్వీసంతా చెప్పాను. ఇంతకన్నా చెడ్డది మోటారు.

నేను: కుళాయికి నేరుగా బిగించే మోటారు.

బాబాయి: అదే. నీళ్లు రాగానే వీధిలో నలుగురు మోటార్లు వేస్తారు. మోటారు పీల్చడం మొదలుపెడితే గొట్టంలో జోరు పోయి, నోటితో గట్టిగా పీల్చినట్టు అవుతుంది. చుట్టుపక్కల ఎక్కడ చిల్లు ఉంటే అక్కడినుంచి మురుగు లాక్కుంటుంది. మోటారు వేసినవారి ఇంటికే కాదు, పక్కింటికీ అదే వెళుతుంది. మోటారు లేనివారికి నీళ్లూ అందవు, అందిన కాసిని నీళ్లూ చెడిపోతాయి. ఈ సంగతిలో నాకు జాలి లేదమ్మా. మోటార్లు పీకేసినందుకు నన్ను తిట్టినవారు ఉన్నారు. అయినా పీకాను.

నేను: 2018 మార్చిలో ఇక్కడే గుంటూరులో, ఆనందపేట చుట్టుపక్కల అతిసారం ప్రబలి ప్రాణాలు పోయాయి. తాగే నీటిలో మురుగు కలవడమే అందుకు కారణమని అప్పట్లో అందరమూ విన్నాం. ఉండవల్లి దగ్గర కృష్ణలో తోడి, తక్కెళ్లపాడులో శుద్ధి చేసి పంపే నీళ్లు. అంత దూరం నుంచి వచ్చి వీధి చివర చెడిపోవడం తలచుకుంటే కడుపు తరుక్కుపోతుంది.

బాబాయి: ఆ రోజుల్లో మా ఊళ్లో కూడా నిద్ర లేదు. కాలువల మీద పోయే ప్రతి గొట్టమూ చూసుకున్నాం. చిన్న పట్టణాల్లో ఇంకో బాధ ఉంది. సాగునీటి కాలువ కట్టేసే వేసవిలో నిల్వ చెరువు నీళ్లే గతి. అడుగుకు వచ్చేకొద్దీ పాచి, బురద. నీళ్లు మురికిగా ఉన్నకొద్దీ క్లోరిన్ ఎక్కువ పడుతుంది. ఏప్రిల్‌లో వేసిన మోతాదే మే నెలలోనూ వేస్తే చాలదు. అది రోజూ చూసుకునే మనిషి ఉండాలి.

నేను: కామెర్లు తగ్గాక నేను భయపడి టిన్ను నీళ్లకు మారాను. మీరు గొట్టం మార్పించి, కాలువ పైనుంచి తిప్పి, దానికి ఇంకో గొట్టం తొడిగించాక కూడా మనసు ఒప్పుకోలేదు. ఇరవై లీటర్ల టిన్ను, రోజు విడిచి రోజు. నీటిని సన్నని పొర గుండా వడగట్టే ఆర్వో ప్లాంటు అబ్బాయి మీటరు ముంచి టీడీఎస్ అరవై ఉందని చూపిస్తే నాకు ధైర్యం.

బాబాయి: ఆ మీటరు చూపేది నీటిలో కరిగిన లవణాలు ఎంత అన్నదే. ప్రమాణం ప్రకారం లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉంటే మంచిది. వేరే నీరు దొరకని చోట 2000 దాకా ఒప్పుకుంటారు. సూక్ష్మక్రిములు ఆ మీటరుకు కనబడవు. టీడీఎస్ అరవై ఉన్న నీటిలో కలరా క్రిమి ఉన్నా అది అరవై అనే చూపుతుంది.

నేను: అయితే ఆర్వో దండగ అంటారా?

బాబాయి: అనను. పల్నాడు వైపు ఫ్లోరైడ్ ఉన్న బోర్లు ఉన్నాయి. ఫ్లోరైడ్ లీటరుకు ఒక మిల్లీగ్రాము లోపు ఉండాలి, ఎంత తప్పనిసరి అయినా ఒకటిన్నర దాటకూడదు. దాటిన నీళ్లు ఏళ్ల తరబడి తాగితే పళ్లు గారపడతాయి, ఎముకలు వంగుతాయి. అక్కడ నీళ్లు కాచి లాభం లేదు. కాచినకొద్దీ నీరు ఆవిరై ఫ్లోరైడ్ ఇంకా చిక్కబడుతుంది. అలాంటి చోట ఆర్వో ప్రాణం నిలబెడుతుంది. కృష్ణ నీళ్లు వచ్చే ఇంట్లో సంగతి వేరు. పైగా ఆర్వో ప్లాంటులో ముందే కార్బన్ ఫిల్టరు క్లోరిన్‌ను తీసేస్తుంది. తీయకపోతే లోపలి పొర పాడవుతుంది. అంటే టిన్నులోకి వచ్చేసరికి ఆ నీటికి కాపలా లేదు. టిన్ను సరిగ్గా కడగకపోయినా, మూత చేత్తో తీసి చేత్తో పెట్టినా, బిందెలో గ్లాసు ముంచినా, లోపల పడిన క్రిమిని అడ్డుకునేది ఏదీ ఉండదు.

నేను: ఈ మాట విన్నాకే సీసాలు తెప్పించాను. వీటిని హెచ్‌టూఎస్ సీసాలు అంటారు. లోపల మందు ఉంటుంది. గీత దాకా నీళ్లు పట్టి మూత పెట్టి, ఇంట్లో వెచ్చగా ఉండే చోట ఒకటి రెండు రోజులు ఉంచాలి. మలంతో కలుషితమైన నీరయితే నల్లబడుతుంది. మొదటి సీసాలో మా కుళాయి నీళ్లు. రెండో దానిలో వంటింటి బిందెలో పోసుకున్న టిన్ను నీళ్లు. పట్టి ముప్పై గంటలు దాటింది. బాబాయీ, చూసి చెప్పండి.

బాబాయి: కుళాయి సీసా పట్టినప్పటి రంగులోనే ఉంది. రేపటి దాకా ఆగి మళ్లీ చూడాలి. ఇదిగో, బిందె సీసా.

నేను: నల్లగా... కాటుకలా ఉంది. నిన్న రాత్రి కూడా పిల్లలు ఆ నీళ్లే తాగారు.

బాబాయి: కంగారు పడకు. ఈ సీసా ఏ క్రిమో చెప్పదు, ఎంత ఉందో చెప్పదు. హెచ్చరిక చేస్తుంది, అంతే. ఆ బిందె నీళ్లు ఇప్పుడే పారబోయించు. సబ్బు పెట్టి తోమి, మరిగే నీళ్లతో కడిగించు.

నేను: టిన్నులోనే చెడ్డాయా, మా బిందెలో చెడ్డాయా?

బాబాయి: ఈ ఒక్క సీసాతో తేలదు. రేపు కొత్త టిన్ను రాగానే సీలు విప్పి, వేరే దేనిలోనూ పోయకుండా నేరుగా ఒక సీసాలో పట్టు. మిగతాది కడిగిన బిందెలో పోసి, పిల్లలు ఎప్పటిలాగే ముంచుకుని తాగాక సాయంత్రం ఇంకో సీసా పట్టు. పైన కాగితం అంటించి ఏది ఏదో రాయి.

నేను: అదేమిటి, పిల్లలు అవే నీళ్లు తాగాలా?

బాబాయి: లేదు లేదు, నా మాట తప్పు. పిల్లలకు కాచిన నీళ్లు వేరే పాత్రలో పెట్టు. తెర్లి బుడగలు వచ్చాక ఒక్క నిమిషం చాలు. అదే గిన్నెలో మూత పెట్టి చల్లార్చు. బిందెలో గ్లాసు ముంచే పని నువ్వే రెండు మూడు సార్లు చెయ్యి. తాగకు. ఆ నల్ల సీసా మూత తీసి సింకులో ఒంపేయకు. దానిలో బ్లీచింగు నీళ్లు పోసి ఒక గంట ఉంచి, అప్పుడు మరుగుదొడ్డిలో పోసి చేతులు కడుక్కో.

నేను: సరే. ఎల్లుండి ఆ రెండు సీసాలూ ఇక్కడే బల్ల మీద పెట్టి, ఏ రంగులో ఉంటే ఆ రంగే చెబుతాను.