ఎలుక గుండెను కాపాడిన మొక్క మన గుండెను కాపాడుతుందా?

నమస్తే అండి. ఫలానా మొక్క గుండెను కాపాడుతుందని పరిశోధనలో తేలింది అనే వార్తలు తెగ తిరుగుతుంటాయి, తెల్లమద్ది బెరడు అయితే మరీనూ. అది చూసి కషాయం మొదలుపెట్టేవాళ్లు సరే, వాడుతున్న బీపీ మాత్రలు పక్కన పెట్టేసేవాళ్లు కూడా ఉన్నారు, నా భయమంతా వాళ్ల గురించే. ఆ పరిశోధన ల్యాబ్‌లో ఎలా జరుగుతుందో తెలిస్తే వార్తను ఎంతవరకు నమ్మాలో మీకే అర్థమవుతుంది.

వీటిలో చాలావరకు ఎలుకల మీద చేసినవే. ఎలుకల్ని గుంపులుగా విడదీసి, కొన్ని గుంపులకు మొక్క సారాన్ని వారాల తరబడి రోజూ నోట్లో పోస్తారు. ఆఖర్లో ఐసోప్రొటెరినాల్ అనే మందును కిలో బరువుకు 85 మిల్లీగ్రాముల చొప్పున వరసగా రెండు రోజులు చర్మం కింద ఎక్కిస్తారు. దాంతో గుండె విపరీతంగా కొట్టుకుంటుంది, ఆక్సిజన్ చాలక కండరం దెబ్బతింటుంది, చితికిన కణాల్లోంచి ట్రోపోనిన్, సీకే-ఎంబీ అనే గుండె కండరపు ప్రొటీన్లు రక్తంలోకి కారతాయి. అవి ఎంతున్నాయో కొలుస్తారు, గుండెను పల్చటి పొరలుగా కోసి రంగేసి మైక్రోస్కోప్ కింద చూస్తారు. సారం తాగిన ఎలుకల్లో ఆ లెక్కలు తక్కువగా ఉండి, కండరం పోగులు చెదరకుండా ఉంటే గుండెకు రక్షణ దొరికిందని రాస్తారు.

మంచి పరీక్షే, కాదనను. కానీ వరస చూడండి, మొక్క ముందు, దెబ్బ తర్వాత. పైగా ఆ ఎలుక వయసులో ఉంది, రక్తనాళాలు శుభ్రంగా ఉన్నాయి. మనకు గుండెపోటు ఎక్కువగా ఏళ్లకేళ్లు కొవ్వు పేరుకున్న నాళంలో రక్తం గడ్డకట్టడం వల్ల వస్తుంది, ఆ గడ్డ ఈ పరీక్షలో లేనే లేదు.

డోసు సంగతి కూడా చూద్దాం. ఎలుకకు కిలోకు 200 మిల్లీగ్రాములు ఇచ్చారనుకుంటే, మనిషి లెక్కకు మార్చడానికి 6.2తో భాగిస్తారు, అంటే 60 కిలోల మనిషికి రోజుకు దాదాపు 1.9 గ్రాములు. అదీ సారం, పొడి కాదు. ఆల్కహాల్‌తో తీసిన సారంలో ఉన్నవన్నీ మీరు నీళ్లలో మరిగించిన కషాయంలోకి దిగుతాయన్న గ్యారంటీ ఏమీ లేదు.

మనుషుల మీద చేసినవీ ఉన్నాయి. హాథార్న్ అనే మొక్క సారాన్ని గుండె బలహీనపడి రక్తాన్ని సరిగా పంప్ చేయలేని (హార్ట్ ఫెయిల్యూర్) 2681 మంది రోగులకు రెండేళ్లు ఇచ్చి చూశారు, ఫలితాలు 2008లో వచ్చాయి. ఇబ్బందులేమీ పెట్టలేదు, కానీ ముఖ్యంగా కొలవాలనుకున్న విషయంలో ఉత్తుత్తి మాత్రకన్నా మెరుగ్గా తేలలేదు. చైనాలో మాత్రం 11 మూలికలతో చేసిన క్విలిక్వియాంగ్‌షిన్ అనే మందును 3110 మంది హార్ట్ ఫెయిల్యూర్ రోగుల్లో పరీక్షిస్తే హార్ట్ ఫెయిల్యూర్‌తో ఆసుపత్రిలో చేరడాలు, గుండె జబ్బు మరణాలు తగ్గాయి. అంటే మొక్క మందు కూడా పరీక్ష పాస్ కాగలదు, ఆ పరీక్ష పెట్టాలంతే. చిత్రమేమిటంటే ఆ 11లో ఒకటి నాభి జాతి దుంప, శుద్ధి చేయకుండా తింటే గుండె లయ తప్పి ప్రాణం పోవచ్చు.

ఇక సేఫ్టీ, నన్ను అన్నిటికన్నా బాధపెట్టేది ఇదే. చాలా పరిశోధనల్లో సేఫ్టీ అంటే కిలోకు 2000 మిల్లీగ్రాముల దాకా ఒక్కసారి ఇచ్చి, 14 రోజులు చూసి, ఎలుక చావలేదు అనడమే! నెలల తరబడి వాడితే కిడ్నీ, లివర్ ఏమవుతాయో అందులో తెలియదు. 1990ల్లో బెల్జియంలో బరువు తగ్గడానికని మూలికల మాత్రలు వాడిన ఆడవాళ్లకు కిడ్నీలు పాడయ్యాయి, వాటిలో అరిస్టొలోకియా జాతి మొక్క కలిసింది. 14 రోజుల పరీక్ష అలాంటి దాన్ని ఎలా పట్టుకుంటుంది చెప్పండి?

మొక్కకూ మాత్రకూ మధ్య గొడవ ఇంకోటి. డిగాక్సిన్ గుండె మందు, అదీ ఫాక్స్‌గ్లోవ్ జాతి మొక్క నుంచి వచ్చిందే, మేలు చేసే డోసుకూ విషమయ్యే డోసుకూ తేడా చాలా తక్కువ. అది వాడుతూ అతిమధురం ఎక్కువగా తీసుకుంటే ఒంట్లో పొటాషియం పడిపోయి, మామూలు డోసే విషంలా పనిచేయొచ్చు.

అందుకే మాత్రలు మీ అంతట మీరు ఆపకండి. డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు ఆ పొడి డబ్బానో బెరడు ముక్కనో వెంట తీసుకెళ్లండి, అడగకపోయినా చూపించండి, ఎన్నాళ్లుగా ఎంత వాడుతున్నారో చెప్పి పొటాషియం, క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష), ఈసీజీ చూడాల్సిన అవసరం ఉందా అని అడగండి.