గేటు దగ్గర పద్నాలుగేళ్ల పిల్ల

అందరికీ నమస్కారం. నిర్వాహకులు నాకిచ్చిన అంశం ‘జీవిత లక్ష్యం, ధైర్యం’. అంత పెద్ద మాటలంటే నాకూ టెన్షనే. అందుకని మన చెన్నై తెలుగువాళ్లకు బాగా తెలిసిన ఒకావిడ గురించి మాట్లాడతాను.

1923లో కాకినాడలో కాంగ్రెస్ మహాసభ జరిగింది. అక్కడే పెట్టిన ఖద్దరు ప్రదర్శనలో, టికెట్ లేనిదే ఎవరినీ లోపలికి పంపొద్దని ఒక వలంటీరు పిల్లకు చెప్పారు. పద్నాలుగేళ్లుంటాయి. జవహర్‌లాల్ నెహ్రూ వచ్చారు. టికెట్ లేదు. ఆపేసింది. పెద్దలు పరుగున టికెట్ తెచ్చాకే లోపలికి వదిలింది. ఆ పిల్లే తర్వాత దుర్గాబాయి దేశ్‌ముఖ్‌గా పేరుపొందిన దుర్గాబాయి. ఈ కథ విన్నవాళ్లంతా ‘అబ్బ, ఎంత ధైర్యం’ అంటారు. నాకు మాత్రం అందులో డ్యూటీయే కనిపిస్తుంది. తన పని ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో ఆ పిల్లకు తెలుసు. అది తెలిసినవాళ్లకు ఎదుట ఎవరున్నా కాళ్లు వణకవు.

ఉప్పు సత్యాగ్రహంలో జైలుకెళ్లినప్పుడు, తమ కేసేమిటో కూడా సరిగ్గా తెలియని ఖైదీ ఆడవాళ్లను చూసింది. లా చదవాలన్న ఆలోచన అక్కడ పుట్టింది. కానీ అప్పటికి ఆమెకు మెట్రిక్ కూడా లేదు! బయటికొచ్చాక బెనారస్ హిందూ విశ్వవిద్యాలయం మెట్రిక్ పరీక్షకు కట్టింది, తర్వాత ఇంటర్.

నాకు బాగా నచ్చే ఘట్టం వాల్తేరుది. బి.ఏ.లో చేరతానంటే, ఆడపిల్లలకు హాస్టల్ లేదు కాబట్టి సీటివ్వలేమన్నారు ఆంధ్ర విశ్వకళాపరిషత్ వైస్ చాన్సలర్ సి.ఆర్. రెడ్డి. మనమైతే ఏం చేస్తాం? ఇంటికొచ్చి వ్యవస్థను తిట్టుకుంటాం. ఆమె పత్రికకు రాసింది, హాస్టల్ లేక చదువు ఆగిపోయిన అమ్మాయిలుంటే తనకు తెలియజేయమని. కొందరు ముందుకొచ్చారు. వాళ్లే కలిసి వసతి చూసుకుని హాస్టల్ మొదలుపెట్టారు. సీటు వచ్చింది. చివరికి మద్రాసులో లా పూర్తిచేసి, 1942లో ప్రాక్టీసు పెట్టింది. ఈ లోపే, 1937లో, ఆడవాళ్ల కోసం ఆమె పెట్టిన ఆంధ్ర మహిళా సభ ఈ ఊళ్లోనే పుట్టింది. రాజ్యాంగ సభలో, ప్రణాళికా సంఘంలో సభ్యురాలు కావడం అన్నీ ఆ తర్వాతి సంగతులు.

ఆవిడ గొప్పావిడ, మనవల్ల ఏమవుతుంది అంటారా? సరే, ఆదివారాలు మేం రాయడం, చదవడం నేర్పే బల్ల దగ్గరకు వచ్చే ఒకావిడ సంగతి చెబుతాను. ఊరు శ్రీకాకుళం వైపు, ఇక్కడ అపార్ట్‌మెంట్లలో పని. బ్యాంకుకెళ్తే విత్‌డ్రాయల్ స్లిప్ పక్కనున్న ఎవరో ఒకరి చేతిలో పెట్టి, ‘బాబూ, రెండు వేలు రాయవా’ అనేది. వాళ్లు ఎంత రాశారో ఆమెకు తెలిసేది కాదు. మేం నేర్పింది అంకెలు, సంతకం, అంతే. మొన్న కౌంటర్ దగ్గర క్లర్కు ‘రేపు రామ్మా’ అంటే, ‘నిన్న కూడా అదే అన్నారు, పాస్‌బుక్కులో ఎంట్రీ వేసివ్వండి’ అని అక్కడే నిలబడిందట. ఇప్పుడు వాళ్ల వీధిలో ఇంకో ఇద్దరికి స్లిప్పులు తనే రాసిపెడుతోంది. లక్ష్యం ఏమిటని అడిగితే మాత్రం నవ్వేస్తుంది.

చిన్న పని కదా అని ఇంట్లో కూర్చుని చేసేది వేరు. ఎవరికో ఒకరికి అవసరం పడేది చేస్తే, మర్నాడు వాళ్లే వచ్చి తలుపు తడతారు. ఇక మానేద్దామన్నా కుదరదు.

బయట బల్ల మీద నోటుబుక్కు పెట్టాం. అందులో ఆశయాలు రాయకండి, దయచేసి. వారానికి గంటసేపు ఏం చేయగలరో రాయండి: రేషన్ కార్డు ఫారం నింపడమో, తమిళ బోర్డులు చదవడం నేర్పడమో. ఫోన్ నంబరు మర్చిపోవద్దు, కిందటిసారి సగం మంది మర్చిపోయారు.